హార్డ్ డిస్క్ తుడవడం: ఏ డిస్క్‌కు ఏ పద్ధతి, ఏది పగలగొట్టాల్సిందే

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లు వరంగల్‌లో, కరీంనగర్‌లో, మంచిర్యాలలో మూలకు చేరుతున్నాయి, లేదంటే అమ్మకానికి వస్తున్నాయి. వాటిలో ఉండేది సొంత ఫొటోలు మాత్రమే కాదు. మీసేవ కేంద్రం కంప్యూటర్‌లో ఊరి జనం ఆధార్, కులం, ఆదాయం సర్టిఫికెట్ల స్కాన్‌లుంటాయి. ఎనుమాముల మార్కెట్ అడ్తి దుకాణంలో రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు, టాలీ లెక్కలు ఉంటాయి. ఫొటో స్టూడియోలో పదేళ్ల పెళ్లిళ్లు, క్లినిక్‌లో రోగుల రిపోర్టులు ఉంటాయి. కంప్యూటర్ మీ సొంతమే, అందులోని కాగితాలు మాత్రం వాళ్లవి. అమ్మేవాళ్లు ఈ మాట మనసులో పెట్టుకోవాలి.

తుడిచే దారులు చాలా ఉన్నాయి. ఒక డిస్క్‌కు సరిపోయేది ఇంకో డిస్క్‌కు పనికిరాదు. లోపల పళ్లెం తిరిగే పాత హార్డ్ డిస్క్‌కు, అది ఆరోగ్యంగా ఉంటే, నూటికి నూరుపాళ్లు పనిచేసే పద్ధతి ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే డిస్క్) మీద సగం పనే చేస్తుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏదన్నది తర్వాత, డిస్క్ ఏదన్నది ముందు తేలాలి.

డిలీట్ చేస్తే ఏం పోతుంది

పహాణీలో పేరు కొట్టేసినంత మాత్రాన చేనులో పంట మాయం కాదు. డిలీట్ కూడా అంతే. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ప్రతి ఫైలుకూ ఒక పట్టికలో నమోదు ఉంటుంది. డిలీట్ కొడితే ఆ నమోదు మీద "ఖాళీ" అని గుర్తు పడుతుంది. ఫైలు ఉన్న చోటే ఉంటుంది, ఇంకో ఫైలు వచ్చి ఆ జాగాలో కూర్చునేదాకా. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా, షిఫ్ట్ పట్టుకుని డిలీట్ చేసినా తేడా లేదు. క్విక్ ఫార్మాట్ అంటే పాత పహాణీ పక్కన పెట్టి కొత్త పుస్తకం తెరిచినట్టు. పంట అట్లనే ఉంది. ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పుస్తకాన్ని చూడనే చూడదు, నేరుగా చేనులోకి దిగి, ఫొటోల, పీడీఎఫ్‌ల మొదటి బైట్ల గుర్తులు పట్టుకుని ఒక్కొక్కటీ ఏరుకొస్తుంది. క్విక్ ఫార్మాట్ చేసిన తిరిగే డిస్క్ నుంచి ఇట్లా వేల ఫొటోలు వెనక్కి తెచ్చుకోవడానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు.

ఫుల్ ఫార్మాట్ మాత్రం వేరే. విండోస్ విస్టా నుంచి "క్విక్" టిక్ తీసేసి ఫార్మాట్ చేస్తే ఆ డ్రైవ్ అంతటా సున్నాలు రాస్తుంది. అంతకు ముందు ఎక్స్‌పీలో ఫుల్ ఫార్మాట్ అన్నా చెడిపోయిన జాగాలు వెతకడమే, చెరపడం లేదు. పాతకాలపు సలహాలు ఇప్పటికీ తిరగడానికి కారణం ఇదే.

మొదట తేల్చుకోవాల్సినవి

స్టార్ట్ మెనూలో "డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్" అని వెతికి తెరిస్తే ప్రతి డ్రైవ్ పక్కనా అది హార్డ్ డిస్క్ డ్రైవా, సాలిడ్ స్టేట్ డ్రైవా అని రాసి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో రెండూ ఉండొచ్చు, విండోస్ కోసం 256 జీబీ ఎస్ఎస్‌డీ, ఫైళ్ల కోసం 1 టీబీ హార్డ్ డిస్క్. ఒకదాన్ని తుడిచి రెండోదాన్ని అట్లనే అమ్మేయడం తరచుగా జరిగే తప్పు.

తర్వాత డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 05 నంబరు వరుస, సీ5 నంబరు వరుస చూడండి. మొదటిది డిస్క్ తనంతట తాను పక్కన పెట్టేసిన సెక్టార్ల (డేటా రాసే చిన్న గళ్ల) లెక్క, రెండోది చదవలేక సతాయిస్తున్న సెక్టార్లది. రెండూ సున్నా అయితే సాఫ్ట్‌వేర్‌తో తుడవచ్చు. పక్కన పెట్టిన సెక్టార్లలో పాత డేటా ముక్కలు మిగిలి ఉంటాయి, మామూలు సాఫ్ట్‌వేర్ రాత అక్కడికి చేరదు. ఇంటి ఫొటోల డిస్క్ అయితే నాలుగైదు సెక్టార్లకు పరేషాన్ కానక్కర్లేదు. ఆధార్ కట్టలున్న డిస్క్ అయితే పగలగొట్టే వరుసలో పెట్టండి.

తుడిచే ముందు బ్యాకప్ అందరూ గుర్తుపెట్టుకుంటారు, లైసెన్సులు మరిచిపోతారు. టాలీ వాడుతుంటే ఆ కంప్యూటర్‌లోనే టాలీ తెరిచి లైసెన్స్ సరెండర్ చేయండి. అది చేయకుండా డిస్క్ తుడిస్తే కొత్త కంప్యూటర్‌లో యాక్టివేట్ చేసేటప్పుడు లొల్లి. డీటీపీ వాళ్లు పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు ఆ ఫైళ్లు వాడిన తెలుగు ఫాంట్లు కూడా కాపీ చేసుకోవాలి. ఫాంట్ లేకపోతే ఆ ఫైలు తెరిచినా అక్షరం చదవరాదు.

తిరిగే డిస్క్: ఒక్కసారి సున్నాలు చాలు

తిరిగే హార్డ్ డిస్క్‌కు మా మొదటి సిఫారసు విండోస్‌లోనే ఉన్న డిస్క్‌పార్ట్, అందులో "క్లీన్ ఆల్" ఆదేశం. కొనేది లేదు, డౌన్‌లోడ్ లేదు. డిస్క్ మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా, పార్టిషన్లతో (డిస్క్‌ను సీ, డీ అంటూ చేసిన భాగాలతో) సంబంధం లేకుండా సున్నాలు రాస్తుంది. ఫుల్ ఫార్మాట్‌తో పోలిస్తే ఇదే మేలు. ఫుల్ ఫార్మాట్ ఒక డ్రైవ్ అక్షరాన్నే తుడుస్తుంది. దాచి ఉన్న రికవరీ పార్టిషన్, పార్టిషన్ల మధ్య ఖాళీలు దానికి కనబడవు.

తుడవాల్సిన డిస్క్‌ను తీసి యూఎస్‌బీ-సాటా కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించడం అన్నింటికన్నా తేలిక. ల్యాప్‌టాప్‌ల 2.5 అంగుళాల డిస్క్‌కు యూఎస్‌బీ కరెంటే సరిపోతుంది. డెస్క్‌టాప్ 3.5 అంగుళాల డిస్క్‌కు 12 వోల్టుల అడాప్టర్‌తో వచ్చే కేబుల్ కావాలి, లేకపోతే డిస్క్ టిక్కుటిక్కుమంటుంది గానీ తిరగదు. ఆ శబ్దం విని డిస్క్ చెడిపోయిందనుకునేవాళ్లు చాలామంది.

కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్క్‌పార్ట్ అని కొట్టండి. ఆదేశాలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. "లిస్ట్ డిస్క్" అంటే ఉన్న డిస్క్‌ల వరుస వస్తుంది, డిస్క్ 0, డిస్క్ 1 అని. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సైజులు డబ్బా మీద రాసినట్టు ఉండవు. 1 టీబీ డిస్క్ 931 జీబీగా, 500 జీబీది 465గా, 320 జీబీది 298గా, 256 జీబీది 238గా కనబడుతుంది. రెండు డిస్క్‌లు ఒకే సైజువైతే పైలం, తుడవకూడని దాని కేబుల్ పీకేసి మళ్లీ లిస్ట్ చూడండి. తర్వాత "సెలెక్ట్ డిస్క్ 1", అంటే మీ డిస్క్ నంబరు. మళ్లీ "లిస్ట్ డిస్క్" కొడితే ఎంచుకున్న వరుస ముందు నక్షత్రం గుర్తు (*) ఉంటుంది. అది సరైన వరుస ముందే ఉందని కళ్లారా చూశాకే "క్లీన్ ఆల్". ఒట్టి "క్లీన్" అంటే పార్టిషన్ వివరాలు మాత్రమే పోతాయి, డేటా మిగులుతుంది. ఆ "ఆల్" అనే మాటలోనే పనంతా ఉంది. ఆదేశం కొట్టాక "నిజమేనా" అని అడగదు, వెంటనే మొదలుపెడుతుంది.

ఆ తర్వాత తెర మీద ఏమీ కదలదు. శాతం లేదు, గడియారం లేదు. హ్యాంగ్ అయ్యిందనుకుని కేబుల్ పీకేవాళ్లుంటారు, పీకొద్దు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద ఆ డిస్క్‌ను చూస్తే రైట్ స్పీడ్ కనబడుతుంది, అది నడుస్తున్నంతసేపూ పని జరుగుతున్నట్టే. 1 టీబీ డిస్క్ సగటున సెకనుకు 100 ఎంబీ రాస్తే 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. 500 జీబీ పాత ల్యాప్‌టాప్ డిస్క్ సెకనుకు 80 ఎంబీ చొప్పున గంటా ముప్పావు. మొదట్లో వేగంగా ఉండి చివరికి సగానికి పడిపోతుంది. పళ్లెం బయటి అంచు మీద ఒక్క చుట్టులో ఎక్కువ డేటా పడుతుంది, లోపలికి పోయేకొద్దీ తక్కువ, అందుకే అలా. యూఎస్‌బీ 2.0 పోర్టులో పెడితే సెకనుకు 30 ఎంబీ దాటడం కష్టం, అదే 1 టీబీ 9 గంటలు దాటుతుంది. నీలం రంగు పోర్టు ఉంటే అందులో పెట్టండి.

వేడి, కరెంటు: మన దగ్గర ఈ రెండూ లెక్కలోకి తీసుకోవాల్సిందే. మే నెలలో గది 40 డిగ్రీలు దాటినప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఉన్న డిస్క్ గంటల తరబడి రాస్తే 55 దాటుతుంది. చాలా డిస్క్‌లకు పనిచేసే హద్దు 60 డిగ్రీలు. డబ్బా విప్పి, ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టి, రాత్రి పూట మొదలుపెట్టండి. కూలర్ ముందు పెట్టొద్దు, తేమ డిస్క్ బోర్డుకు మంచిది కాదు. గాలిదుమారం వచ్చి కరెంటు పోతే క్లీన్ ఆల్ మధ్యలో ఆగిపోతుంది. డిస్క్‌కు నష్టం లేదు, కానీ మళ్లీ మొదటి నుంచి నడపాలి. బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్ మీద చేయడం, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద పెట్టడం తెలివైన పని. 3.5 అంగుళాల డిస్క్ అడాప్టర్‌ను కూడా యూపీఎస్‌కే తగిలించాలి, లేదంటే కంప్యూటర్ నడుస్తూనే డిస్క్ ఆగిపోతుంది.

డిస్క్ తీయడం కుదరకపోతే, నడుస్తున్న విండోస్ తన సొంత డిస్క్‌ను తుడవనివ్వదు. విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, భాష అడిగే మొదటి తెర దగ్గర షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల తెర వస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో ఎఫ్ఎన్ కూడా నొక్కాలి. అక్కడ డిస్క్‌పార్ట్ అదే తీరున పనిచేస్తుంది. పెన్‌డ్రైవ్ కూడా లిస్ట్‌లో ఒక డిస్క్‌గా కనబడుతుందని గుర్తుంచుకోండి.

మూడు నాలుగు డిస్క్‌లు ఒకేసారి తుడవాల్సిన కాలేజీ ల్యాబ్‌కో ఆఫీసుకో క్లీన్ ఆల్ కన్నా ష్రెడ్‌ఓఎస్ అనే తుడిచే సాఫ్ట్‌వేర్ మేలు. పెన్‌డ్రైవ్ మీద రాసుకుని బూట్ చేస్తే అందులో తుడిచే పని చేసే ఎన్‌వైప్ తెర వస్తుంది. స్పేస్ నొక్కి డిస్క్‌లు ఎంచుకుని, ఎం నొక్కి పద్ధతిలో సున్నాలు పెట్టి, షిఫ్ట్‌తో ఎస్ నొక్కితే అన్నీ ఒకేసారి మొదలవుతాయి. శాతం, మిగిలిన సమయం, ఎర్రర్ల లెక్క కళ్ల ముందుంటాయి. క్లీన్ ఆల్ చెడు సెక్టార్ తగిలితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో కూడా చెప్పదు. బూట్ కాకపోతే బయాస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో) సెక్యూర్ బూట్ ఆపండి. డిస్క్ కనబడకపోతే స్టోరేజ్‌ను రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చండి. పాతకాలం నుంచి పేరున్న డీబ్యాన్ అనే తుడిచే సాఫ్ట్‌వేర్‌ను మాత్రం వదిలేయండి. 2015 తర్వాత దానికి కొత్త వెర్షన్ లేదు, యూఈఎఫ్ఐ (కొత్త తరం బయాస్) కంప్యూటర్ల మీద బూట్ కాదు, ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీలు దానికి కనబడవు. ఎన్‌వైప్ పుట్టింది దాని కోడ్‌లోంచే.

కంప్యూటర్‌ను అమ్మకుండా ఇంట్లోనో ఆఫీసులోనో ఇంకొకరికి ఇస్తూ, విండోస్ అట్లనే ఉంచాలనుకుంటే విండోస్‌లోనే సైఫర్ అనే ఆదేశం ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో సైఫర్ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్, డబ్ల్యూ, కోలన్, ఆ వెంట డ్రైవ్ అక్షరం, మళ్లీ కోలన్. ఖాళీ జాగాను మాత్రమే మూడుసార్లు తుడుస్తుంది, సున్నాలతో ఒకసారి, ఒకట్లతో ఒకసారి, అడ్డదిడ్డపు అంకెలతో ఒకసారి. కాబట్టి చాలా నెమ్మది. మధ్యలో ఆపేస్తే డిస్క్ నిండిపోయినట్టు చూపిస్తుంది. ఆ డ్రైవ్‌లో ఈఎఫ్‌ఎస్‌టీఎంపీడబ్ల్యూపీ అనే ఫోల్డర్ మిగిలిపోయి ఉంటుంది, దాన్ని డిలీట్ చేస్తే సరి. డిలీట్ చేసిన ఫైళ్ల పేర్లు పట్టికలో మిగిలిపోవచ్చు. బయటివాళ్లకు అమ్మే డిస్క్‌కు ఇది చాలదు.

విండోస్ సెట్టింగ్స్‌లోని "రీసెట్ దిస్ పీసీ" అందరికీ చేతికందే దారి. "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకున్నాక ఆగకుండా నెక్స్ట్, నెక్స్ట్ కొడితే అది ఒట్టి డిలీట్‌కు అక్కచెల్లెలే. "చేంజ్ సెట్టింగ్స్" నొక్కి "క్లీన్ డేటా"ను ఆన్ చేయాలి, రెండు డిస్క్‌లుంటే అన్ని డ్రైవ్‌ల నుంచీ తీసేయమన్న మీటనూ ఆన్ చేయాలి. విండోస్‌తో సహా తెలిసినవాళ్లకు అమ్మేటప్పుడు ఇది ఫర్వాలేదు.

ఎన్నిసార్లు తుడవాలి? మూడుసార్లు, ఏడుసార్లు, 35 సార్లు అనే మాటలు వింటుంటారు. 35 లెక్క 1996లో పీటర్ గుట్‌మన్ రాసిన పత్రంలోది. అప్పటి డిస్క్‌లు డేటాను రాసే పాత పద్ధతులు అన్నింటికీ కలిపి చేసిన జాబితా అది. ఏ ఒక్క డిస్క్‌కూ ఆ 35 అవసరం లేదని తర్వాత ఆయనే చెప్పాడు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించిన 800-88 మార్గదర్శకం ఇప్పటి డిస్క్‌కు ఒక్కసారి రాస్తే చాలని చెప్పింది. 1 టీబీ మీద 35 సార్లు అంటే నాలుగు రోజుల పైనే. ఆ కష్టమంతా ఒక్కసారి పూర్తిగా రాసి, పూర్తిగా చూసుకోవడం మీద పెట్టండి.

చూసుకోకుండా ఇవ్వొద్దు

హెచ్‌ఎక్స్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. టూల్స్ మెనూలో "ఓపెన్ డిస్క్" నొక్కి, ఫిజికల్ డిస్క్‌ల కింద మీదాన్ని ఎంచుకోండి. "రీడ్‌ఓన్లీ" టిక్ ఉంచండి. వరుసకు 16 జంటల చొప్పున అంకెలు వస్తాయి. తుడిచిన డిస్క్ అయితే 00 00 00 అంటూ తెర నిండా సున్నాలే, కుడి పక్క గళ్లలో చుక్కలే. పైన సెక్టార్ నంబరు గడిలో మొదట, సగంలో, చివర్లో నంబర్లు ఇచ్చి నాలుగైదు చోట్ల చూడండి. మధ్యలో ఆగిపోయిన తుడుపు చివరి సెక్టార్ల దగ్గరే బయటపడుతుంది: మొదటి సగం తెల్లగా, చివర్లో అక్షరాల పుట్ట. మొదటి సెక్టార్ చివర 55 ఏఏ కనబడితే భయం లేదు. తుడిచాక విండోస్ "ఇనిషియలైజ్ చేయాలా" అని అడిగినప్పుడు సరే అని ఉంటారు, అది కొత్త పార్టిషన్ గుర్తు.

దాని మీద ఫొటోరెక్ కూడా ఒకసారి నడిపితే మంచిది. ఒక్క ఫైలూ దొరకలేదని అది చెప్పాక అమ్మండి.

ఎస్ఎస్‌డీకి వేరే దారి

పైన చెప్పిన రాత పద్ధతులు ఎస్ఎస్‌డీకి ఎందుకు సరిపోవంటే, మీరు చెప్పిన చోట అది రాయదు. 10వ నంబరు జాగాలో రాయమంటే దాన్ని నడిపే కంట్రోలర్ చిప్ ఇంకో ఖాళీ జాగాలో రాసి, ఇకమీదట ఇదే 10వ నంబరు అని లెక్క రాసుకుంటుంది. అసలు 10వ నంబరులో ఉన్న పాత డేటా, కంట్రోలర్ తీరిక చూసుకుని చెరిపేదాకా, చిప్‌లోనే ఉంటుంది. చిప్‌లు ఒకేచోట అరిగిపోకుండా ఇట్లా పంచుతారు. పైగా బయటికి చూపించే సైజు కన్నా లోపల కొంత ఎక్కువ జాగా ఉంటుంది, సాధారణంగా 7 శాతం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. క్లీన్ ఆల్ చేస్తే మీకు కనబడే జాగా అంతా సున్నాలవుతుంది, కనబడని ఆ జాగాలో ఏం మిగిలిందో మీకు తెలియదు.

అందుకే పని కంట్రోలర్‌కే అప్పగించాలి. అన్నింటికన్నా సులువు బయాస్‌లో వెతకడం. ఆఫీసుల కోసం చేసే డెల్ ల్యాప్‌టాప్‌ల బయాస్‌లో "డేటా వైప్", హెచ్‌పీ వాటిలో "సెక్యూర్ ఎరేజ్" ఉంటాయి. లేకపోతే ఎస్ఎస్‌డీ కంపెనీ ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్: సామ్‌సంగ్‌కు మెజీషియన్, క్రూషల్‌కు స్టోరేజ్ ఎగ్జిక్యూటివ్, వెస్టర్న్ డిజిటల్‌కు డ్యాష్‌బోర్డ్, కింగ్‌స్టన్‌కు ఎస్ఎస్‌డీ మేనేజర్. విండోస్ ఉన్న డిస్క్ అయితే బూట్ పెన్‌డ్రైవ్ చేసుకునో, ఇంకో కంప్యూటర్‌కు తగిలించో నడపాలి.

లినక్స్ అలవాటున్నవాళ్లకు ఎన్‌వీఎంఈ డిస్క్ కోసం ఎన్‌వీఎంఈ-సీఎల్ఐలో ఫార్మాట్, శానిటైజ్ ఆదేశాలున్నాయి. రెండూ ఉంటే శానిటైజ్ ఎంచుకోండి. అది దాచిన జాగాలనూ వదలదు, కరెంటు పోయి తిరిగి వచ్చినా పని పూర్తయ్యేదాకా డిస్క్ చేతికివ్వదు. సాటా ఎస్ఎస్‌డీకి హెచ్‌డీపార్మ్‌తో సెక్యూర్ ఎరేజ్. ఇక్కడ రెండు చిక్కులు తరచుగా వస్తాయి. ఒకటి, డిస్క్ "ఫ్రోజెన్" అని చూపిస్తుంది, బూట్ అయ్యేటప్పుడు బయాస్ వేసిన తాళం అది. కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి లేపితే చాలాసార్లు విడిపోతుంది. రెండోది, ముందు ఒక పాస్‌వర్డ్ పెట్టి తర్వాతే చెరపమనాలి. మధ్యలో కరెంటు పోతే డిస్క్ ఆ పాస్‌వర్డ్‌తో తాళం పడి ఉండిపోతుంది. ఒక్క అక్షరం పాస్‌వర్డ్ పెట్టి కాగితం మీద రాసుకోండి, తిరిగి అదే ఇచ్చి ఎరేజ్ పూర్తిచేస్తే తాళం పోతుంది. యూఎస్‌బీ కేబుల్ ద్వారా మాత్రం సెక్యూర్ ఎరేజ్ చేయొద్దు. చాలా కేబుల్ చిప్‌లు ఆ ఆదేశాన్ని సరిగ్గా దాటించవు, డిస్క్ పనికిరాకుండా పోయే ప్రమాదమూ ఉంది. మదర్‌బోర్డు సాటా పోర్టుకే తగిలించాలి.

సమయం చూసి కంగారుపడకండి. తిరిగే డిస్క్‌కు గంటలు పట్టే పని ఎస్ఎస్‌డీలో కొన్ని సెకన్లలో, ఎక్కువలో ఎక్కువ కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. అది తప్పు కాదు. ఇక్కడ సున్నాలు రాయడం లేదు, చిప్‌ల మొత్తం బ్లాకులనే ఒకేసారి ఖాళీ చేస్తోంది. ఇంకో తేడా: హెచ్‌ఎక్స్‌డీలో సున్నాలు కనబడటం ఎస్ఎస్‌డీ విషయంలో రుజువు కాదు. క్విక్ ఫార్మాట్ తర్వాత కూడా చాలా ఎస్ఎస్‌డీలు, లోపల చెరిపినా చెరపకపోయినా, అడిగితే సున్నాలే చూపిస్తాయి. ఎరేజ్ ఆదేశం ఎర్రర్ లేకుండా ముగిసిందన్న సందేశమే ఇక్కడ మీ చేతిలో ఉండే సాక్ష్యం. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

తాళం వేసి తాళంచెవి పారేయడం

కొత్త కంప్యూటర్ కొన్న రోజే బిట్‌లాకర్ (డేటాను రహస్య లిపిలోకి మార్చి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్ చేసి ఉంటే, అమ్మే రోజు పని దాదాపు లేనట్టే. డిస్క్ మీద పడే ప్రతి బైటూ తాళంతోనే పడింది కాబట్టి, తాళంచెవి పోతే మిగిలేది పనికిరాని అంకెలు. విండోస్ ప్రోలో ఇది బిట్‌లాకర్, హోమ్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా కంప్యూటర్లలో దానంతట అదే ఆన్ అవుతుంది. అమ్మే ముందు డిస్క్‌ను చెరిపి, మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉన్న 48 అంకెల రికవరీ కీని కూడా తీసేయాలి. కీ ఖాతాలో ఉంటే తాళంచెవి గూట్లో పెట్టి ఇల్లు అమ్మినట్టే.

ఇప్పుడు, అమ్మబోయే ముందు, ఆన్ చేస్తే? "వాడిన జాగా మాత్రమే" అన్న ఎంపిక వద్దు. ఇదివరకు డిలీట్ చేసిన ఫైళ్లు తాళం లేకుండా అట్లనే ఉండిపోతాయి. "మొత్తం డ్రైవ్" ఎంచుకోండి. సెక్యూర్ ఎరేజ్ దొరకని ఎస్ఎస్‌డీకి మొత్తం డ్రైవ్‌కు తాళం వేసి, ఆపైన క్లీన్ ఆల్ చేయడం మంచి ప్రత్యామ్నాయం. పూర్తి భరోసా మాత్రం ఇవ్వదు.

టీ2 అనే భద్రతా చిప్ ఉన్న మ్యాక్‌లు, యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లు మొదటి నుంచీ తాళంతోనే రాస్తాయి. మ్యాక్‌ఓఎస్ మాంటెరీ వెర్షన్ నుంచి సెట్టింగ్స్‌లోనే "ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్" ఉంది. అది నొక్కితే తాళంచెవి నాశనమవుతుంది. వాటికి అదే చాలు.

పగలగొట్టాల్సినవి

పనిచేయని డిస్క్‌ను తుడవలేం. బోర్డు కాలిపోయినా లోపలి పళ్లెం మీద డేటా చెక్కుచెదరదు. అట్లాంటి డిస్క్ వారంటీలో ఉంటే షాపువాళ్లు పాతది తీసుకుని కొత్తది ఇస్తామంటారు. రోగుల రిపోర్టులో, జనం సర్టిఫికెట్లో ఉన్న డిస్క్ అయితే ఆ వారంటీ వదులుకోండి. కొత్త డిస్క్ ధర కన్నా అవతలివాళ్ల గుట్టు విలువైనది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అవసరం తీరిన వ్యక్తిగత డేటాను చెరిపేయాలనే అంటుంది. తగిన జాగ్రత్తలు లేక డేటా బయటపడితే 250 కోట్ల రూపాయల దాకా జరిమానాకు ఆ చట్టంలో వీలుంది.

డెస్క్‌టాప్ డిస్క్‌ను విప్పడానికి టార్క్స్ టీ8, కొన్నింటికి టీ6 స్క్రూడ్రైవర్ కావాలి. అన్ని స్క్రూలు తీసినా మూత రాకపోతే స్టిక్కర్ కింద వేలితో తడమండి, ఒక స్క్రూ అక్కడ దాగి ఉంటుంది. లోపలి అయస్కాంతాలు చిన్నవైనా బలమైనవి, రెండింటి మధ్య వేలు పడితే చర్మం కోసుకుపోతుంది. విప్పడం ఎందుకనుకుంటే మూత మీద నుంచే పళ్లేల గుండా డ్రిల్‌తో మూడు నాలుగు రంధ్రాలు పొడవండి, మధ్య ఇరుసుకు దూరంగా, వేర్వేరు దిక్కుల్లో. ల్యాప్‌టాప్ డిస్క్‌ల పళ్లేలు చాలావరకు గాజువి. సుత్తితో కొడితే ఒక్క దెబ్బకు పొడిపొడి అవుతాయి, ఆ పొడి కంట్లో పడితే కష్టం. గోనెసంచిలో చుట్టి, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని కొట్టండి.

ఎస్ఎస్‌డీ బోర్డును రెండుగా విరిస్తే సరిపోదు. డేటా నల్లటి మెమరీ చిప్‌లలో ఉంటుంది. ఒక్క చిప్ నిండుగా మిగిలినా అందులోది మిగిలినట్టే. ప్రతి చిప్పూ పగలాలి. స్పీకర్ అయస్కాంతం రుద్దడం, నీళ్లలో ముంచడం, మంటలో వేయడం వద్దు. మొదటి రెండూ డేటాను ఏమీ చేయవు, మూడోదాని పొగ విషం. కంపెనీలు వాడే డీగాసర్ (బలమైన అయస్కాంత శక్తితో చెరిపే) యంత్రం తిరిగే డిస్క్‌ను పూర్తిగా చెరుపుతుంది. ఆ తర్వాత డిస్క్ మళ్లీ పనిచేయదు, ఎస్ఎస్‌డీ మీద ఆ యంత్రం ప్రభావమే ఉండదు.

మరి ఏది ఎంచుకోవాలి? ఇంటి కంప్యూటర్, తిరిగే డిస్క్, ఆరోగ్యంగా ఉంది, బయట అమ్ముతున్నారు: క్లీన్ ఆల్ ఒక్కసారి, హెచ్‌ఎక్స్‌డీతో చూసుకోవడం. ఇంటి ఎస్ఎస్‌డీ: బయాస్‌లోనో కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనో సెక్యూర్ ఎరేజ్. మీసేవ, క్లినిక్, స్కూల్, అడ్తి దుకాణం డిస్క్: తుడిచినా అమ్మకండి, తుడిచి పగలగొట్టండి. పాత డిస్క్ అమ్మితే వచ్చే కొన్ని వందల కోసం ఊరందరి కాగితాలను పణంగా పెట్టడం న్యాయం కాదు. కంప్యూటర్‌ను డిస్క్ లేకుండా అమ్మండి, కొనేవాళ్లు వేరే డిస్క్ వేసుకుంటారు.

కంప్యూటర్ కానివాటిలోనూ డిస్క్‌లుంటాయి. యూనివర్సిటీల చుట్టుపక్కల జిరాక్స్ సెంటర్లలోని పెద్ద మెషీన్లలో చాలావాటికి లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది. స్కాన్ చేసిన పేజీలు అందులో నిలవ ఉండొచ్చు. మెషీన్ మార్చేటప్పుడు సర్వీస్ మెనూలో డిస్క్ చెరిపే ఎంపిక అడగండి, లేదా డిస్క్ తీసి ఉంచుకోండి. సీసీ కెమెరా డీవీఆర్‌లోనిది మామూలు 3.5 అంగుళాల డిస్కే. విండోస్‌కు తగిలిస్తే ఖాళీగా కనబడుతుంది, ఎందుకంటే దాని ఫార్మాట్ వేరు. ఖాళీ అనుకుని అమ్మొద్దు, క్లీన్ ఆల్ దానికీ పనిచేస్తుంది.

పగలగొట్టిన ముక్కలను చెత్త బండిలో వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇవ్వాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో జాబితా దొరుకుతుంది. ఆఫీసు డిస్క్‌లైతే ఇచ్చే ముందు ఒక్కో డిస్క్ సీరియల్ నంబరు, తుడిచిన తేదీ, పద్ధతి, చేసినవారి సంతకం ఒక రిజిస్టర్‌లో రాయండి. రీసైక్లర్ ఇచ్చే సర్టిఫికెట్‌లో "20 హార్డ్ డిస్క్‌లు" అని మొత్తం లెక్క మాత్రమే ఉంటే ఒప్పుకోవద్దు. ఆ 20 సీరియల్ నంబర్లూ అందులో ఉండాలి, మీ రిజిస్టర్‌తో ఒక్కొక్కటీ సరిపోవాలి.